నాలుగెకరాలు, అయిదు ముక్కలు: ఊళ్ళో వాళ్ళమే మార్చుకుని ఒక్కచోటికి తెచ్చుకోవచ్చా?

నల్లరేగడి
మాది పెదనందిపాడు వైపు ఒక ఊరు. నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను, పొలం అన్నయ్య చూసుకుంటాడు. నాన్న వాటాకు వచ్చింది 4 ఎకరాల 10 సెంట్లు. కానీ అది అయిదు చోట్ల ఉంది. ఒకటి ఎకరా 40 సెంట్లు, ఇంకొకటి ఎకరా 10, తర్వాత 75, 50, చివరిది 35 సెంట్లు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు ట్రాక్టరు ఊరు చుట్టి రావాలి. ఆ 35 సెంట్ల ముక్కకైతే దారే లేదు. చుట్టుపక్కల వాళ్ళ పైరు కోశాకే మన బండి లోపలికి పోవాలి. అందుకని అక్కడ మిరప వేసే మాటే లేదు.

ఆ 35 సెంట్లు, ఎకరా 10 సెంట్లు రెండూ వాగు పక్క పల్లంలో ఉన్నాయి. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, ఎండాకాలం నేల మీద తెల్లగా ఉప్పు పేరుతుంది. ఆ పల్లం మొత్తం 40 ఎకరాల దాకా ఉంటుంది. ఇరవై పైచిలుకు కుటుంబాలది. సగం బీడే, తుమ్మ చెట్లు మొలిచాయి. మేమందరం ముక్కలు మార్చుకుని, ఒక్కొక్కరిది ఒక్కచోటికి తెచ్చుకుని, మధ్యలో దారి వేసుకుని, మురుగు కాలువ తవ్వుకుంటే ఆ నేల మళ్ళీ సాగులోకి వస్తుందని అన్నయ్య, నేను అనుకుంటున్నాము. ఎవరైనా ఇలా చేశారా? కాగితాలు ఎలా రాసుకున్నారు? ఎక్కడ తగాదా వస్తుంది? అమ్మేయమని మాత్రం దయచేసి చెప్పకండి.

బెజవాడ_గట్టు
మొదటి తగాదా నేనే చెబుతాను. ఆ చౌడు పల్లం ఎవరు తీసుకుంటారు? డొంక పక్కన ముక్క అందరికీ కావాలి. వాగు పక్కది ఎవరికీ వద్దు.

సర్వే_గొలుసు
సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ముక్కలు ఎలా పుట్టాయో చెబితే ఎలా కలపాలో కూడా కొంత తెలుస్తుంది.

మన వైపు పంపకాల్లో అన్నదమ్ములు "ఈ చేను నీకు, ఆ చేను నాకు" అనరు. ప్రతి చేనునూ పొడుగ్గా చీలుస్తారు. మెరకలోనూ వాటా, పల్లంలోనూ వాటా, డొంక పక్కనా వాటా. న్యాయమే. కానీ లెక్క చూడండి. చదరంగా ఉన్న ఎకరం ఒక్కొక్క వైపు 209 అడుగులు ఉంటుంది. దాన్ని నలుగురు పొడుగ్గా చీల్చుకుంటే ఒక్కొక్కరికి 52 అడుగుల వెడల్పు పట్టీ వస్తుంది. మధ్యలో కొత్తగా మూడు గట్లు. గట్టు రెండున్నర అడుగులు వేసుకున్నా మూడున్నర సెంట్లు గట్ల కిందికే పోతుంది. తర్వాతి తరంలో ఆ పట్టీని మళ్ళీ ఇద్దరు చీలిస్తే 26 అడుగులు. అందులో కోత యంత్రం తిరగాలంటే పక్క చేను తొక్కక తప్పదు. పంపకం రోజున దారి ఎవరూ రాయించుకోరు. అన్నదమ్ములు కాబట్టి ఎటైనా నడుస్తారు. వాళ్ళ పిల్లల కాలానికి గట్టు మీద ముళ్ళకంప పడుతుంది.

కాబట్టి మార్పిడి మాట తర్వాత. ముందు ఆ 40 ఎకరాలకు పాత ఎఫ్.ఎం.బి. పటం (సర్వే నంబరు వారీగా హద్దుల కొలతలు గీసి ఉంచే పటం), కొత్త సర్వే పటం రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. కాగితం మీద ఎవరిది ఎక్కడ, నేల మీద ఎవరు ఎక్కడ దున్నుతున్నారు అన్నది ముందు తేలాలి. ఈ రెండూ ఒకటి కాకపోవడం నేను చాలా ఊళ్ళలో చూశాను.

తెనాలి_మినుము
అందరూ ముక్కలు తప్పు అన్నట్టే మాట్లాడుతున్నారు. నాకు ఒప్పుకోవాలనిపించడం లేదు. మాకు మూడు చోట్ల ఉంది. వరద వచ్చిన ఏడు పల్లం పోతుంది, మెరక నిలుస్తుంది. నీళ్ళు రాని ఏడు మెరక ఎండుతుంది, పల్లంలో మినుము పండుతుంది. అన్నీ ఒక్కచోట పెట్టుకుంటే ఆ ఒక్కచోట దెబ్బ తగిలిన ఏడు ఇంట్లో గింజ ఉండదు. పెద్దవాళ్ళు తెలివితక్కువగా చీల్చుకోలేదు.

నల్లరేగడి
తెనాలి గారూ, మీ మాటలో నిజం ఉంది. కానీ మీకు మూడు చోట్లా పంట వస్తోంది. మాకు రెండు చోట్ల ఏ ఏడూ రావడం లేదు. ముప్పును రెండు చోట్లకు పంచుకోవచ్చు. అయిదు చోట్లకు ఎందుకు?

తెనాలి_మినుము
రెండు చోట్లు అయితే నాకూ అభ్యంతరం లేదు. ఒకటి మెరక, ఒకటి పల్లం. "ఒక్కటే చోట" అన్నదాని మీదే నా పేచీ.

బాపట్ల_విద్యార్థి
వ్యవసాయ కళాశాలలో నేలల శాస్త్రం చదువుతున్నాను. మార్పిడి గురించి మాట్లాడే ముందు ఆ పల్లంలో ఉన్నది పాలచౌడా, కారుచౌడా అన్నది తేల్చుకోండి. పైన తెల్లగా ఉప్పు పేరుకుంటే సాధారణంగా పాలచౌడు. కరిగే లవణాలు ఎక్కువ. దానికి జిప్సం వేసినా డబ్బు దండగ. మంచి నీరు పెట్టి ఉప్పును కిందికి కడిగి, ఆ నీటిని మురుగు ద్వారా బయటికి పంపాలి. కారుచౌడు అయితే సోడియం ఎక్కువ, నేల తడిస్తే బంకగా, ఎండితే రాయిలా ఉంటుంది, ఉదజని సూచిక (పి.హెచ్.) 8.5 దాటుతుంది. జిప్సం పనిచేసేది దానికే. అదీ పరీక్షలో వచ్చిన మోతాదు ప్రకారం వేయాలి. రెండూ కలిసిన నేలలూ ఉంటాయి. పై పొర మట్టి ఒక్కటే ఇస్తే చాలదు. మూడు అడుగుల లోతు దాకా పొరల వారీగా తీసి విడివిడి సంచుల్లో ఇవ్వండి. ఆ తర్వాత జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి. చౌడును తట్టుకునే పచ్చిరొట్ట అది.

అసలు విషయం ఏమిటంటే, మురుగు తీయడం ఒక్క రైతు చేతిలో పని కాదు. సాగర్ కుడి కాలువ ఆయకట్టులో కోణంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు దగ్గర నెదర్లాండ్స్ సహకారంతో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు భూగర్భ మురుగు గొట్టాలు వేసి చూశారు. చౌడు తగ్గింది, పంట పెరిగింది. కానీ గొట్టానికి గట్లతో పనిలేదు. అది వాలును బట్టి పోతుంది. పది మంది పొలాల కింద నుంచి పోయి కాలువలో కలుస్తుంది. మధ్యలో ఒక్కరు వద్దన్నా పని ఆగిపోతుంది. కాబట్టి పట్టాలు కలపకపోయినా ఫరవాలేదు, మనుషులు కలవకపోతే మాత్రం ఆ 40 ఎకరాలు బాగుపడవు.

బెజవాడ_గట్టు
చివరి మాట బాగుంది.

తుళ్లూరు_మెట్ట
"ఏకీకరణ" అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు. 2015లో మా 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. 33 వేల ఎకరాల పైన ప్రభుత్వానికి ఇచ్చాము. మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకు (నది పక్క నీటి వసతి ఉన్న నేలకు) 50 వేలు కౌలు, పదేళ్ళు, ఏటా కొంత పెంపు. తిరిగి ఇచ్చేది ఎకరానికి ఇళ్ళ స్థలం 1,000 గజాలు, దానితో పాటు వాణిజ్య స్థలం. అది అమరావతి రాజధాని కోసం. మేము ఇష్టపడే ఇచ్చాము, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ అక్కడ మళ్ళీ పొలం రాదు. మీ ఊళ్ళో "అందరం కలుపుదాం" అని ఎవరైనా వస్తే వెనక ఎవరున్నారో అడగండి. ముందు కలిపాక, తర్వాత ఆ 40 ఎకరాలకు ఒక్క కొనుగోలుదారు వస్తాడు. ముక్కలుగా ఉన్నప్పుడు రాని వాడు.

నల్లరేగడి
ఇక్కడ మా వెనక ఎవరూ లేరండీ. అన్నయ్య, ఇంకో నలుగురు రైతులు. మీ హెచ్చరిక మాత్రం రాసి పెట్టుకున్నాను.

పొన్నూరు_కౌలు
పట్టాదారులు మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక కౌలు రైతు మాట కూడా వినండి. మీరందరూ అడుగుతున్న ఏకీకరణ నేను చాలాకాలంగా చేస్తున్నాను. పక్కపక్కనే ఉన్న నాలుగు ముక్కలు నలుగురు యజమానుల దగ్గర తీసుకుని ఒక్క కమతంగా సాగు చేస్తున్నాను. ఒక్కటే దుక్కి, ఒక్కటే నారు, ఒక్కటే కోత. పట్టాలు నాలుగూ ఎవరివి వాళ్ళవే. దస్తావేజు లేదు, స్టాంపు ఖర్చు లేదు.

ఎక్కడ ఇబ్బంది అంటే, మధ్య గట్లు తీసేస్తానంటే యజమానులు ఒప్పుకోరు. రాయి కదిలితే హద్దు పోతుందని భయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద సంతకం పెడితే నాకు సాగుదారు హక్కు పత్రం, పంట రుణం వస్తాయి. నలుగురిలో ఒక్కరే పెట్టారు. యజమాని హక్కు ఎక్కడికీ పోదని ఆ చట్టంలోనే ఉంది. అయినా భయమే.

మీ ఊళ్ళో ఆ పల్లం ఇప్పుడు ఎవరైనా కౌలుకు చేస్తున్నారా? మార్పిడి అయ్యాక వాళ్ళకు ఏ ముక్క మిగులుతుంది? ఎవరూ ఆ మాట రాయలేదు.

నల్లరేగడి
ఇద్దరు చేస్తున్నారు. ఒకరు గొర్రెలు మేపుకోవడానికి కూడా ఆ బీడు వాడతారు. మీరు అడిగాక అన్నయ్యకు ఫోను చేశాను. వాళ్ళను ఇంకా పిలవలేదట. పిలుస్తామన్నాడు.

సర్వే_గొలుసు
పొన్నూరు గారూ, హద్దు భయానికి మందు ఉంది. గట్టు తీసేముందు నాలుగు మూలలకు అక్షాంశ రేఖాంశాలు రాయించుకోండి. ఇప్పుడు సర్వే ఉపగ్రహ సాయంతో చేస్తారు. రాయి లేకపోయినా హద్దును మళ్ళీ అదే చోట నిలపవచ్చు. గొలుసు కాలంలో ఈ సౌకర్యం లేదు, అందుకే రాతికి అంత విలువ.

తెనాలి_మినుము
మా ఊళ్ళో గట్టు మీద తాటిచెట్టు ముంజలు ఎవరివి అన్నదానికి పెద్దమనుషులు రెండు సార్లు కూర్చున్నారు. చివరికి ముంజలు పెద్దమనుషులే తిన్నారు.

లాయరమ్మ_గుంటూరు
కాగితాల సంగతి అడిగారు కదా.

ఇద్దరు రైతులు పొలాలు మార్చుకుంటే అది ఆస్తి బదిలీ చట్టం 118వ సెక్షను కింద మార్పిడి. నోటి మాటతోనో, తెల్లకాగితం మీదో చేసుకుంటే చెల్లదు. మార్పిడి దస్తావేజు రాసి రిజిస్టరు చేయాలి. స్టాంపు సుంకం రెండు ఆస్తుల్లో విలువ ఎక్కువైన దాని మీద, అమ్మకానికి లెక్కగట్టినట్టే పడుతుంది. చేతులు మారేది డబ్బు కాదు, భూమికి భూమి. అయినా సుంకం తప్పదు. ఇరవై కుటుంబాలు మార్చుకోవాలంటే ఈ ఖర్చు దగ్గరే చాలామంది వెనక్కి పోతారు. అందుకే ఊళ్ళలో "నువ్వు నాది దున్నుకో, నేను నీది దున్నుకుంటా" అని నోటిమాటతో నడిపిస్తారు. తండ్రులు ఉన్నంత కాలం నడుస్తుంది. కొడుకులు పాసు పుస్తకం తీసి చూస్తారు, కోర్టుకు వస్తారు. నా దగ్గరికి వచ్చిన గట్టు తగాదాల్లో ఈ రకానివి తక్కువేమీ కాదు.

మహారాష్ట్రలో సరిగ్గా దీనికోసమే 2023 జనవరిలో సలోఖా పథకం తెచ్చారు. ఒకరి పట్టా భూమి ఇంకొకరి సాగులో కనీసం 12 ఏళ్ళుగా ఉండి, ఇద్దరూ మార్చుకోవడానికి ఒప్పుకుంటే స్టాంపు సుంకం 1,000 రూపాయలు, రిజిస్ట్రేషను రుసుము 1,000 రూపాయలు, అంతే. మనకూ అలాంటిది కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. సబ్సిడీలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత? రైతు తన నేలను తానే సర్దుకుంటానంటే సుంకం అడ్డు పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పటికి మీరు చేయవలసింది: ప్రతి ముక్కకూ ఈ.సి. (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. సొసైటీలో గానీ బ్యాంకులో గానీ తాకట్టులో ఉంటే వాళ్ళ నిరభ్యంతర పత్రం లేకుండా మార్చుకోవద్దు. 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలో, సర్వే నంబరు ఉందేమో చూడండి. పల్లాల్లో, వాగు పక్కన అసైన్డు ముక్కలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) ఉండటం మామూలు. వాటి బదిలీని కట్టడి చేసే 1977 చట్టం వర్తిస్తుంది. కొత్త సర్వేలో ఉమ్మడి ఎల్.పి.ఎం. నంబరు (కొత్త సర్వేలో భూమి ముక్కకు ఇచ్చే నంబరు) వచ్చి ఉంటే ముందు దాన్ని ఉపవిభజన చేయించుకోవాలి. చివరిగా, వారసులందరి సంతకాలు. అందరివీ.

చిలకలూరిపేట_పత్తి
చివరి మాట దగ్గరే అసలు చిక్కు. ఆడపిల్లలకు వాటా వచ్చాకే పొలాలు ఇంత చిన్న ముక్కలయ్యాయి. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. సంతకం ఎక్కడ తెస్తారు?

ఆడపడుచు
ఇది తప్పు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, దేశమంతటికీ 2005లో. సర్వే గొలుసు గారు చెప్పిన 52 అడుగుల పట్టీలు దానికి ఎంతో ముందే పడ్డాయి. మా తాత అన్నదమ్ములు అయిదుగురు, మా నాన్న వాళ్ళు నలుగురు. మా ఇంట్లో చీలింది వాళ్ళ మధ్యే. మా అత్తలు, నేను వాటా తీసుకోలేదు. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టమని పెళ్ళికి ముందే అడిగారు, పెట్టాము. ముక్కలు చేసింది మేమూ కాదు, కలపకుండా ఆపింది మేమూ కాదు.

నల్లరేగడి గారూ, మీ సమావేశానికి ఇళ్ళల్లో ఆడవాళ్ళను కూడా పిలవండి. సంతకం కోసం చివర్లో కాగితం పంపడం కాదు, మొదట్లోనే. పట్టాలో పేరున్న వాళ్ళూ ఉంటారు, పేరు లేకపోయినా కలుపు తీసే వాళ్ళూ ఉంటారు. ఏ ముక్కలో నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో వాళ్ళకు తెలిసినంత పటాలకు తెలియదు.

చిలకలూరిపేట_పత్తి
సంతకాలు దొరకడం కష్టమన్నది మాత్రం నిజం కదా. మగవాళ్ళవైనా అంతే, ఆడవాళ్ళవైనా అంతే.

లాయరమ్మ_గుంటూరు
విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికార పత్రం ధ్రువీకరించి పంపవచ్చు. ఇది సాధ్యం కాని పని కాదు. ఆడపడుచు గారు చెప్పింది చట్టం ప్రకారమూ సరే, బుద్ధి ప్రకారమూ సరే.

నిడుబ్రోలు_తాతయ్య
కమతాల ఏకీకరణ పాత మాటే. బొంబాయి రాష్ట్రం 1947లో, తూర్పు పంజాబు 1948లో, ఉత్తరప్రదేశ్ 1953లో చట్టాలు చేశాయి. పంజాబు, హర్యానాల్లో 1960ల చివరికి దాదాపు అంతా పూర్తయింది. దేశ విభజన తర్వాత కాందిశీకులకు ఎలాగూ కొత్తగా భూమి కేటాయించవలసి వచ్చింది కాబట్టి అక్కడ పని సులువైంది. నేల చదును, ఒండ్రుమట్టి, ఒక ఎకరానికి ఇంకో ఎకరానికి పెద్ద తేడా లేదు. అలా కలిసిన కమతాల్లో గొట్టపు బావులు తవ్వారు. హరిత విప్లవం అక్కడ అంత తొందరగా పట్టుకోవడానికి అది కూడా ఒక కారణం. ఉత్తరప్రదేశ్‌లో దాన్ని చక్‌బందీ అంటారు. ముక్క ముక్కకూ మారకపు విలువ కట్టి, దారులకూ ఊరి అవసరాలకూ కొంత తీసి, మిగిలింది పంచారు. సివిలు కోర్టుకు పోవడానికి లేదని చట్టంలో రాశారు. అయినా తగాదాలు ఆ శాఖలోనే ఏళ్ళ తరబడి నడిచాయి.

దక్షిణాదిన ఇది సాగలేదు. ఇక్కడ ఒక్క ఫర్లాంగులో రేగడి, ఎర్రనేల, చౌడు మూడూ కనిపిస్తాయి. విలువ ఎవరు కడతారు? 1974లో ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమం మొదలైనప్పుడు పంట బోదెలు, నేల చదును చేయడంతో పాటు గట్ల సవరణ కూడా అందులో రాశారు. మా వైపు నేను చూసింది బోదెలే. గట్ల జోలికి ఎవరూ రాలేదు.

ఇంకొక సంగతి. 1959లో నాగపూర్ కాంగ్రెసు సభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. దాన్ని గట్టిగా ఎదిరించిన వాళ్ళలో మా నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు ఒకరు. కాంగ్రెసు వదిలి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. రైతు తన గట్టును తన ప్రాణంగా చూస్తాడని ఆయనకు తెలుసు. కాబట్టి పైనుంచి ఆజ్ఞ వచ్చి కలపడం మన జిల్లాలో జరగదు, జరగకూడదు కూడా. ఊళ్ళో వాళ్ళు తమంతట తాము చేసుకుంటే అది వేరు. ఈ అబ్బాయి అడుగుతున్నది అదే కాబట్టి నాకు ఆశగా ఉంది.

బాపట్ల_విద్యార్థి
తాతయ్య గారూ, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, మన రాష్ట్రంలో 0.94 హెక్టారు. హెక్టారు లోపు అయితే సన్నకారు రైతు. మన సగటు రైతే సన్నకారు రైతు అన్నమాట.

పల్నాటి_మెట్ట
మీ చర్చ అంతా నీళ్ళు ఎక్కువైన నేల గురించి. మా వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు రండి. అక్కడ కలపవలసిన అవసరమే లేదు, కొందరికి అయిదెకరాలు ఒక్కచోటే ఉంది. రాళ్ళు, ఎర్రమట్టి, అడుగున్నర కింద గట్టి పొర. సాగర్ జలాశయం పక్కనే ఉంది, కానీ మా నేల ఎత్తు మీద ఉంది కాబట్టి కాలువ నీరు ఎక్కదు. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం మా నాన్న తరం నుంచి ఎదురుచూస్తున్నాము. ఒక్కచోట ఉన్నంత మాత్రాన నేల బాగుపడదు. నీరు కావాలి.

నా విషయానికి వస్తే, ఉపాధి హామీ కింద నీటి కుంట తవ్వించాము. అదే పథకంలో సన్న, చిన్నకారు రైతులకు పండ్ల తోటలకు గుంతలు, మొక్కలు, నీరు పోసే కూలి కూడా ఇచ్చారు. బత్తాయి పెట్టాము. బిందు సేద్యం లేకపోతే అది నిలిచేది కాదు. పట్టా మా పేరున ఉండబట్టి అన్నీ వచ్చాయి. పక్కన అసైన్డు భూమి ఉన్న కుటుంబానికి బ్యాంకు రుణం దగ్గరే ఆగిపోయింది.

పొన్నూరు_కౌలు
పట్టా ఉంటే వస్తాయి, లేకపోతే రావు. మా కథ కూడా అదే అన్నా.

బెజవాడ_గట్టు
నేను మొదట అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. చౌడు ముక్క ఎవరు తీసుకుంటారు? విలువ ఎలా కడతారు?

సర్వే_గొలుసు
ఆ ప్రశ్నకు నా సమాధానం: మార్పిడిని పల్లం వరకే ఉంచుకోండి. మెరకలో ఉన్న మంచి ముక్కలను ఇందులోకి లాగకండి. పల్లంలో అందరిదీ చౌడే. చౌడుకు చౌడు మార్చుకుంటే విలువ తేడా తక్కువ. వాగుకు దగ్గరగా వచ్చిన వాళ్ళకు విస్తీర్ణం కొంత ఎక్కువ ఇవ్వండి. అది ఎంత అన్నది మట్టి పరీక్ష, వాలు కొలత చేతిలో పెట్టుకుని అందరూ కూర్చుని తేల్చాలి. దారికి ఎంత పోతుందో కూడా ముందే చెప్పండి. 10 అడుగుల దారి ఒక ఎకరం పొడవునా వేస్తే దాదాపు 5 సెంట్లు. దారి పక్కనున్న వాళ్ళ దగ్గరే కాకుండా అందరి దగ్గరా సమానంగా తీయాలి. లేకపోతే దారికి భూమి ఇచ్చినవాడు మూడో ఏడు కంప వేస్తాడు.

తెనాలి_మినుము
ఇది నాకు నచ్చింది. మెరక ముక్క మెరకలోనే ఉంటుంది, పల్లం ఒక్కచోటికి వస్తుంది. నేను అన్నదీ ఇదే.

తుళ్లూరు_మెట్ట
ఒక్క షరతు చేర్చండి. మార్చుకున్న భూమిని బయటివాళ్ళకు అమ్మాలనుకుంటే ముందు పల్లంలోని మిగతా రైతులకు చెప్పాలి అని రాసుకోండి.

లాయరమ్మ_గుంటూరు
రాసుకోవచ్చు. కానీ అది ఒప్పందం, భూమికి అంటుకున్న హక్కు కాదు. రేపు కొన్నవాడిని అది కట్టిపడేస్తుందన్న భరోసా నేను ఇవ్వలేను. దారి సంగతి వేరు. దాన్ని దస్తావేజులో కొలతలతో, పటంతో రాస్తే నిలుస్తుంది. ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది, ఇప్పటికీ పనిచేస్తుంది. పంపకం వల్ల దారి లేకుండా పోయిన ముక్కకు అవసరాన్ని బట్టి దారి హక్కు ఆ చట్టంలోనే ఉంది. మీ 35 సెంట్లకు పాత పంపకాల పత్రం ఉంటే తీసి చూపించండి. మార్పిడి జరిగినా జరగకపోయినా ఆ దారి మీకు రావలసి ఉండవచ్చు.

ఆడపడుచు
మురుగు కాలువ తవ్వాక ఏటా పూడిక ఎవరు తీస్తారు? అది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మా ఊళ్ళో కాలువ తవ్విన ఏడు అందరూ వచ్చారు. తర్వాత జమ్ము పెరిగింది, ఎవరూ రాలేదు.

బాపట్ల_విద్యార్థి
అవును, మురుగు చివర వాగులో ఎక్కడ కలుస్తుందో కూడా చూడాలి. వాగు నిండుగా ఉన్నప్పుడు నీరు వెనక్కి తన్నే చోట కలిపితే తవ్విన పని వృథా. కలిసే చోట తలుపు పెట్టాలి.

నల్లరేగడి
ఆదివారం ఊరికి వెళ్ళాను. అందరూ రాలేదు, పదకొండు కుటుంబాలు వచ్చాయి. కౌలుకు చేస్తున్న ఇద్దరూ వచ్చారు, గొర్రెలాయన కూడా. అమ్మ, పెద్దమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. నీళ్ళు ముందు ఎక్కడ చేరతాయో, ఎటు తిరుగుతాయో పెద్దమ్మ పటం మీద వేలితో చూపించింది. సర్వేయరు దగ్గర ఉన్న పటంలో ఆ వాలు లేదు.

మార్పిడికి ఆరు కుటుంబాలు సరేనన్నాయి, అయిదు ఇప్పుడే వద్దన్నాయి. దారికీ మురుగుకూ మాత్రం పదకొండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. కాబట్టి ఈ వేసవికి ఆ రెండే చేస్తున్నాము. దారికి భూమి అందరి దగ్గరా సమానంగా తీస్తామని రాసుకున్నాము. గొర్రెలాయనకు దారి పక్కన మేపుకునే చోటు వదలాలని అన్నయ్య పట్టుబట్టాడు, దానికి ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. ఈ.సి.లు తీస్తున్నాము. రెండు ముక్కలు అసైన్డువని తేలింది, లాయరమ్మ గారు అన్నట్టే.

పొన్నూరు_కౌలు
కౌలు వాళ్ళు ఏమన్నారు?

నల్లరేగడి
మురుగు తవ్వాక కౌలు పెంచుతారేమో అని అడిగారు. మూడేళ్ళ దాకా పెంచకూడదని పెద్దవాళ్ళు అన్నారు. కాగితం మీద ఇంకా పెట్టలేదు.

పొన్నూరు_కౌలు
కాగితం మీద పెట్టించండి.

నిడుబ్రోలు_తాతయ్య
ఆ అయిదు కుటుంబాలను తొందర పెట్టవద్దు బాబూ. దారి పడి, నీళ్ళు దిగి, పక్కవాడి చేను పచ్చగా కనిపిస్తే వాళ్ళే అడుగుతారు. అడగకపోయినా దారి దారే.

బాపట్ల_విద్యార్థి
మట్టి సంచుల మీద ముక్క నంబరు, లోతు రెండూ రాయండి. కిందటిసారి ఒకాయన తొమ్మిది సంచులు తెచ్చారు, ఏది ఏ లోతుదో రాయలేదు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. దుక్కికి ముందే తీయండి, ఎరువు వేసిన చోట తీయవద్దు.